నీటి వాఙ్మూలం: నది, సరస్సు, సముద్రం – నాలుగు నవలలు

మన కావ్యసంప్రదాయంలో నీటికి నిర్దిష్టమైన స్థానం ఉంది. దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి విధించిన వర్ణనల్లో సముద్రం ఉంది, జలక్రీడ ఉంది. తెలుగు ప్రబంధకవులు అష్టాదశ వర్ణనల పేరిట ఆ విధిని నిష్ఠతో పాటించారు. ఆ వర్ణనల్లో సముద్రం గంభీరం, నది పావనం, సరస్సు మనోహరం. శతాబ్దాలు గడిచినా ఈ విశేషణాలు పెద్దగా మారలేదు. రాజ్యాలు పోవచ్చు, వంశాలు అంతరించవచ్చు, నీరు మాత్రం ఉన్నచోటనే ఉంటుందన్న నమ్మకం కవికీ పాఠకునికీ ఉమ్మడి ఆస్తి. మానవజీవితపు అనిత్యతను కొలవడానికి నీటి నిత్యత్వమే కొలబద్ద అయింది.

ఈనాడు ఆ కొలబద్దే కదిలిపోయింది. భారత భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1951–2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత సగటున 1 డిగ్రీ సెల్సియస్ పెరిగింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల 0.7 డిగ్రీలు. ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటిమట్టం 1993–2017 మధ్య ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వచ్చింది. భూమి మీద అదనంగా పోగైన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే ఇముడ్చుకున్నాయి. సరస్సు విషయమూ ఇంతే. తన పరీవాహక ప్రాంతంలో కొట్టిన చెట్టును, చల్లిన ఎరువును, పట్టణం వదిలిన మురుగును అది తన అడుగున జమకట్టుకుంటూ పోతుంది. నది తన మీద కట్టిన ప్రతి ఆనకట్టకూ సముద్రముఖం దగ్గర జవాబు చెబుతుంది. ఒకనాడు నిత్యత్వానికి ప్రతీకగా నిలిచిన నీరు ఇప్పుడు జరిగినదానికి సాక్షిగా నిలబడింది.

సాక్షి ఉన్నచోట ఒక ప్రశ్న తప్పదు. ఆ సాక్ష్యం ఎవరి మీద? ఉష్ణమాపకం వేడి ఎంత పెరిగిందో చెప్పగలదు. ఉపగ్రహచిత్రం సరస్సు ఎంత కుంచించుకుపోయిందో చూపగలదు. ఆ మార్పు వల్ల ఎవరి గంజి ఇంకిపోయింది, ఎవరి గాదె నిండింది, నేరం ఎవరి తలకు చుట్టుకుంది అన్న లెక్క వాటికి అందదు. ఆ లెక్క రాయగలిగిన ప్రక్రియ నవల. భారత ఉపఖండపు నీళ్ల మీద వచ్చిన నాలుగు నవలలను ఈ ఒక్క ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి తకళి శివశంకర పిళ్లై మలయాళ నవల 'చెమ్మీన్', అద్వైత మల్లబర్మన్ బెంగాలీ నవల 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్', అక్కినేని కుటుంబరావు తెలుగు నవల 'కొల్లేటి జాడలు', అమితావ్ ఘోష్ ఆంగ్ల నవల 'ది హంగ్రీ టైడ్'. మొదటి రెండూ గ్రంథరూపంలో వెలువడినది ఒకే సంవత్సరం, 1956. చివరి రెండూ ఈ శతాబ్దానివి.

తీర్పరి అయిన సముద్రం

'చెమ్మీన్'కు 1957లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కేరళలోని అలప్పుళ ప్రాంతపు కడలితీరంలో జాలరుల జీవితం ఇందులోని వస్తువు. వలలు, పడవలు, చేపల బేరాలు, అప్పులు, చాకర కాలపు సందడి, ఇవన్నీ ఈ నవలలో ఎంతో నిర్దిష్టంగా కనిపిస్తాయి. రుతుపవనాల వేళ తీరానికి చేరువగా బురదమేటలు ఏర్పడి, అక్కడ నీరు నిశ్చలమై, చేపలు గుంపులుగా చేరడమే చాకర. ఇంత సూక్ష్మంగా సముద్రాన్ని ఎరిగిన నవల, సముద్రపు నడతకు కారణం చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం కడలమ్మ విశ్వాసాన్ని ఆశ్రయిస్తుంది. వేటకు వెళ్లిన మగవాని ప్రాణం ఇంట ఉన్న ఇల్లాలి శీలం మీద ఆధారపడుతుందన్నది ఆ విశ్వాసం. కరుత్తమ్మ, పరీకుట్టి తిరిగి కలుసుకున్న రాత్రే నడిసంద్రంలో పళని సుడిగుండానికి బలి అవుతాడు.

ఈ విశ్వాసాన్ని తకళి సమర్థించాడా, చిత్రించి ఊరుకున్నాడా అన్న చర్చ పాతదే. నవలలో మరొక కారణపరంపర కూడా లేకపోలేదు. చెంబన్‌కుంజు పడవ మీది ఆశతో పరీకుట్టి దగ్గర సొమ్ము తీసుకుని తిరిగి ఇవ్వడు. కరుత్తమ్మ కష్టానికి మొదలు ఆ తీరని బాకీలో ఉంది. కాని నవల ముగింపులో పాఠకుని మనసున నిలిచేది బాకీ కాదు, సుడిగుండం. ఆర్థిక కారణం వెనుకకు తగ్గి, నైతిక కారణం సముద్రమంత ఎత్తున లేచి నిలుస్తుంది. ఇక్కడ నీరు సాక్షి స్థానాన్ని దాటి తీర్పరి అయింది. ఆ తీర్పు పడినది ఒక స్త్రీ మీద.

ఈ సంగతిని నేడు ప్రత్యేకంగా గుర్తుచేసుకోవలసిన అవసరం ఉంది. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను అరేబియా సముద్రంలో బలపడినప్పుడు కేరళ, తమిళనాడు తీరాల నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారులు పెద్ద సంఖ్యలో తిరిగి రాలేదు. అరేబియా సముద్రం వేడెక్కి, అక్కడ తీవ్రమైన తుపానులు పెరుగుతున్నాయని శాస్త్రజ్ఞులు గమనించారు. కేరళీయులకు అతి ప్రియమైన మత్తి చేప పట్టుబడి 2012లో గరిష్ఠస్థాయికి చేరి, ఆ తర్వాతి దశాబ్దంలో దారుణంగా పడిపోయింది. ఎల్‌నినో ప్రభావం, పిల్లచేపలను సైతం వదలని వేట ఇందుకు కారణాలుగా చెబుతున్నారు. తీరాన నిలబడిన ఇల్లాలికి ఇందులో దేనితోనూ ప్రమేయం లేదు. సముద్రం మారినప్పుడల్లా నేరాన్ని దగ్గరున్న బలహీనుల మీద మోపడం మన సంస్కృతికి అలవాటైన దారి. 'చెమ్మీన్' ఆ అలవాటును అద్దంలో చూపిన గొప్ప నవల. అద్దంలోని బొమ్మను ధర్మంగా చదువుకున్న దోషం కొంత పాఠకలోకానిది.

ముద్దాయి లేని మరణం

అద్వైత మల్లబర్మన్ (1914–1951) తితాస్ నది ఒడ్డున, నేటి బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణ్‌బారియా సమీపాన గోకర్ణఘాట్ గ్రామంలో, చేపలు పట్టి జీవించే మాలో కులంలో పుట్టాడు. ఊరివారు చందాలు పోగుచేసి చదివించిన పిల్లవాడు. కలకత్తాలో పత్రికారచయితగా జీవించాడు. మొదట రాసిన ప్రతి పోగా, నవలను తిరిగి రాశాడు. అది గ్రంథంగా వెలువడేనాటికి ఆయన క్షయవ్యాధికి బలి అయి అయిదేళ్లు. ఈ జీవితవివరాలు నవలా విమర్శకు అవసరం. ఎందుకంటే ఇందులో నదిని చూసే చూపు గట్టు మీది నుంచి వచ్చింది కాదు, పడవలోంచి వచ్చింది.

తితాస్ గంగ వంటి మహానది కాదు. మేఘన నుంచి పాయగా చీలి, మళ్లీ మేఘనలోనే కలిసే ఒక సాధారణ నది. పురాణాల్లో దానికి చోటు లేదు. ఆ అనామకతనే మల్లబర్మన్ తన కళకు బలంగా మలచుకున్నాడు. పవిత్రత అనే పొర అడ్డు లేకపోవడం వల్ల నది ఇక్కడ నీరుగా, లోతుగా, చేపగా, రాకపోకల దారిగా కనిపిస్తుంది. కిశోర్, సుబల్, బాసంతి, అనంత, అనంత తల్లి, వీరి కథలు నది మీద తేలుతూ సాగుతాయి. పెళ్లిళ్లు, పాటలు, పండుగలు, ఎడబాట్లు నవల నిండా పరుచుకుంటాయి. చివరి భాగంలో నదిగర్భంలో మేట పైకి తేలుతుంది. నీరు పక్కకు తప్పుకుంటుంది. మాలోల బ్రతుకు ఒడ్డున పడుతుంది.

ఇటీవల కొందరు విమర్శకులు ఇటువంటి నవలలను వాతావరణ మార్పుకు పూర్వసూచనలుగా చదవడానికి ఉత్సాహపడుతున్నారు. ఈ ఉత్సాహం పట్ల జాగ్రత్త అవసరం. డెల్టా నదులు సహజంగానే దారి మార్చుకుంటాయి, పూడిపోతాయి, మరొకచోట పుడతాయి. తితాస్ పూడికకు పొగగొట్టాలను బాధ్యులను చేయడం చరిత్రకు అన్యాయం, నవలకు మరింత అన్యాయం. మల్లబర్మన్ గొప్పతనం జోస్యంలో లేదు. నీటిలో వచ్చిన మార్పు మనుషుల మధ్య ఎట్లా పంపకమవుతుందో ఆయన చూపిన తీరులో ఉంది. మేట వేసింది ప్రకృతి. ఆ మేట ఎవరికి దక్కాలన్నది మాత్రం ప్రకృతి నిర్ణయించలేదు. కండబలం, భూమిబలం ఉన్నవారు దాన్ని ఆక్రమించారు. నీటి మీద హక్కు ఉన్న మాలోలకు అదే చోట లేచిన నేల మీద హక్కు లేకపోయింది. నది చావుకు ముద్దాయి లేడు, కాని నది విడిచిన ఆస్తికి వారసులు మాత్రం సిద్ధంగా ఉన్నారు.

రిత్విక్ ఘటక్ ఈ నవలను 1973లో బంగ్లాదేశ్‌లో చలనచిత్రంగా తీశాడు. ఎండిన ఇసుకలో నీటికోసం తడుముకునే బాసంతి, ఆమె చివరి చూపులో పచ్చని పైరు నడుమ ఆకుపీక ఊదుతూ పరుగెత్తే పసివాడు, ఆ చిత్రపు ముగింపు దృశ్యాలు. దానిని కేవలం ఆశావాదంగా వ్యాఖ్యానించడం పరిపాటి. కాని ఆ పైరు ఎక్కడ పండిందో మరచిపోరాదు. జాలరికి శ్మశానమైన నేల రైతుకు పంటచేను అయింది. నీటిలో వచ్చే ఏ మార్పూ అందరికీ ఒకే విధమైన నష్టం కాదన్న కఠినసత్యాన్ని ఘటక్ ఒక్క పచ్చదనంతో చెప్పాడు. పర్యావరణం గురించి మనం రాసే చాలా రచనల్లో లోపించేది ఈ కాఠిన్యమే. 'మనమందరం నష్టపోతున్నాం' అన్న వాక్యం వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. దాని చాటున లాభపడినవారు సులువుగా తప్పించుకుంటారు.

ఇరుగుపొరుగుల నేరం

తితాస్ విషయంలో ప్రకృతి మొదలుపెట్టిన పనిని మనుషులు ముగించారు. కొల్లేటి విషయంలో మొదలుపెట్టినదీ మనుషులే. అందువల్ల నది నుంచి సరస్సుకు వచ్చేసరికి సాక్ష్యం పదునెక్కుతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న సహజమైన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన వాగుల వరదను తనలోకి తీసుకుని, నిదానంగా ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పంపే మంచినీటి సరస్సు. రెండు డెల్టాల వరదకు అది ప్రకృతి కట్టిన జలాశయం. లంక గ్రామాలు, తాటిదోనెలు, కొర్రమీనులు, చలికాలపు వలసపక్షులు, నీరు తీసినప్పుడు సాగు, నీరు నిండినప్పుడు వేట, ఇదీ అక్కడి జీవనక్రమం. 1970ల మధ్యకాలంలో ప్రభుత్వమే పేద మత్స్యకారుల మేలుకోరి సహకార సంఘాల పేరిట చేపల చెరువులు తవ్వుకునే వీలు కల్పించింది. తర్వాతి దశాబ్దాల్లో బయటి పెట్టుబడి ప్రవేశించింది. సంఘాల పేర్లు మిగిలాయి, చెరువులు చేతులు మారాయి. సరస్సు గర్భమంతా గట్లతో గళ్లుగళ్లుగా చీలిపోయింది. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువు గట్లను పెద్దఎత్తున ధ్వంసం చేశారు. రక్షణ సరిహద్దును 5 అడుగుల నుంచి 3 అడుగులకు తగ్గించాలన్న కోరిక ఆ తర్వాత పదేపదే ముందుకు వచ్చింది.

ఈ చరిత్రను పక్కన పెట్టుకుని 'కొల్లేటి జాడలు' చదవాలి. ఈ నవలకు వసంత్ కన్నబిరాన్ చేసిన ఆంగ్లానువాదం 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్' పేరుతో 2020లో వెలువడింది. శీర్షికలోని 'జాడలు' అన్న మాట గమనించదగినది. జాడ అంటే పోయినదాని ఆనవాలు. తాను ఎరిగిన కొల్లేటిని వెదుక్కునే జ్ఞాపకకథనం ఇది. సరస్సు ఒడ్డున గడిచిన బాల్యం, ఆ ఊళ్ల సమష్టిజీవితం, నీటితో సహజీవనం చేసిన మనుషుల తెలివితేటలు, తెగువ ఇందులో రూపుకడతాయి. కృష్ణాతీరపు పలుకుబడి ఈ జ్ఞాపకానికి శరీరం. చేపకో పేరు, గడ్డికో పేరు, నీటి నడకకో పేరు ఉన్న సమాజం మాయమైతే ఆ మాటలూ మాయమవుతాయి. నిఘంటువుల్లో మిగిలిన మాట వాడుకలో లేనప్పుడు అది కూడా పూడిపోయిన సరస్సు వంటిదే. ఈ విధంగా చూస్తే నవలాకారుడు చేసిన పని మానవశాస్త్రజ్ఞుని పనికి తీసిపోదు.

జ్ఞాపకకథనానికి ఒక ప్రమాదం ఉన్నది. బాల్యం ఎప్పుడూ బంగారమే. పసితనంలో చూసిన సరస్సు పెద్దయ్యాక చూసిన సరస్సు కంటే అందంగా ఉండడానికి సరస్సే కారణం కానక్కరలేదు. గతాన్ని స్వర్గంగా చిత్రించే రచన ఆ గతంలోని కులభేదాన్ని, ఆకలిని, వరదభయాన్ని మరుగుపరుస్తుంది. మరుగుపరచినప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఆ జీవితం అంత హాయి అయితే అదే ఊరి మనుషులు చెరువులు తవ్వడానికి ఎందుకు ఒప్పుకున్నారన్న ప్రశ్నకు జవాబు దొరకదు. కొల్లేటి వరదలో ఇల్లు మునిగినవానికి, తిండిగింజలకు అప్పుచేసినవానికి, చేపల చెరువు ఒక ఆశగా కనిపించింది. కొల్లేరు గురించి వచ్చే ఏ రచనకైనా గీటురాయి ఇదే. సరస్సు మీద ప్రేమతోపాటు సరస్సును చంపిన చేతుల మీద కూడా అవగాహన ఉండాలి. ఎందుకంటే ఆ చేతులు పరాయివి కావు. పోగొట్టుకున్నవాడూ పోగొట్టినవాడూ తరచుగా ఒకే వీధివారు, కొన్నిసార్లు ఒకే ఇంటివారు. వందల ఏళ్ల ఉమ్మడి నీటిని కొద్ది దశాబ్దాల్లో సొంత నీరుగా మార్చిన ప్రక్రియలో తెలుగు మధ్యతరగతి మొత్తానికీ వాటా ఉంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి విజయవాడ నగరంలోని పెద్ద భాగం మునిగింది. ఆ బుడమేరు కొల్లేటికి చేరే వాగు. అసాధారణమైన వర్షం ఒక కారణం. వాగు దారిని ఇళ్లతో మూసుకున్న నగరం మరొక కారణం. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయగలదు కనుక కుండపోత వానలు ఇకముందు పెరుగుతాయన్నది శాస్త్రజ్ఞుల మాట. వాన పెరిగే కాలంలో వాననీరు నిలిచే చోటును తగ్గించుకోవడం ఎటువంటి తెలివో చెప్పడానికి గొప్ప విజ్ఞానం అక్కరలేదు.

దూరాన ఉన్న ముద్దాయి

కొల్లేటి ముద్దాయిని వేలుపెట్టి చూపవచ్చు. వాతావరణ మార్పు వల్ల పైకి వస్తున్న సముద్రానికి ముద్దాయి తీరం మీది నుంచి కనిపించడు. అతడు వేల మైళ్ల దూరాన, కొన్ని తరాల వెనుక కూడా ఉండవచ్చు. నవల అనే ప్రక్రియకు ఇది కఠినపరీక్ష. 2016లో వెలువడిన 'ది గ్రేట్ డిరేంజ్‌మెంట్' అన్న వ్యాసగ్రంథంలో అమితావ్ ఘోష్ ఈ సమస్యను చర్చించాడు. సంభావ్యతను, దైనందిన జీవితపు క్రమాన్ని నమ్ముకుని పెరిగిన ఆధునిక నవల, అనూహ్యమైన ప్రకృతి ఘటనలను తనలో ఇముడ్చుకోలేక వాతావరణ మార్పును పక్కన పెట్టిందని ఆయన ఆక్షేపణ.

ఈ ఆక్షేపణకు బలం ఉంది. అయితే ఇది నవల ఎదుర్కొనే కష్టంలో ఒక సగాన్నే చెబుతుంది. తుపాను అనూహ్యం కావచ్చు. పూడిక, ఉప్పు, చేప తరిగిపోవడం, గట్టు కరగడం, ఇవన్నీ అతి నెమ్మదిగా, ఎవరికీ వార్త కాకుండా జరిగే సంగతులు. ఈ నెమ్మదితనాన్ని పట్టుకోవడానికి నవలను మించిన ప్రక్రియ లేదు. మూడు తరాలను ఒక్క గ్రంథంలో నడిపించగల ప్రక్రియ అది. తాత వేసిన వలలో పడ్డ చేపను, మనవడి వలలో పడని చేపను పక్కపక్కన పెట్టి చూపగలదు. తితాస్ నవల చేసినదీ, కొల్లేటి నవల చేయబూనినదీ అదే. ఘోష్ అడిగిన ప్రశ్నకు పాక్షికమైన జవాబు మన భాషల్లో ముందే ఉంది.

మిగిలిన సగానికి జవాబు ఘోష్ స్వయంగా 2004లో 'ది హంగ్రీ టైడ్'లో ప్రయత్నించాడు. సుందరవనాల ద్వీపాలు ఈ నవలకు రంగస్థలం. డాల్ఫిన్ల మీద పరిశోధనకు అమెరికా నుంచి వచ్చిన పియా, అక్షరం రాని జాలరి ఫకీర్, ఇద్దరికీ నడుమ దుబాసీ కనాయ్, ఇవి ప్రధానపాత్రలు. పియాకు, ఫకీర్‌కు ఉమ్మడి భాష లేదు. పియా దగ్గర యంత్రాలు ఉన్నాయి, ఫకీర్ దగ్గర నీటి దారుల జ్ఞాపకం ఉంది. తుపానులో పియాను కాపాడుతూ ఫకీర్ మరణిస్తాడు. పియా చేతి పరికరంలో మాత్రం ఆమెను అతడు తీసుకువెళ్లిన దారులన్నీ నమోదై మిగులుతాయి. నవలలోని ఆలోచనంతా ఈ ఒక్క వివరంలో కేంద్రీకృతమైంది. శాస్త్రం కొలత ఇస్తుంది, ఎక్కడ కొలవాలో చెప్పేవాడు జాలరి. ఆ రెండు జ్ఞానాలూ కలిసినచోట నీటి సాక్ష్యం సంపూర్ణమవుతుంది. అయితే ఒక అసంతృప్తి మిగులుతుంది. జ్ఞానం బ్రతికింది, జ్ఞాని చనిపోయాడు. ఫకీర్ మౌనంలోనే జీవించి మౌనంలోనే పోతాడు. అతని మనసులోని మాట అతని నోట వినిపించదు. మల్లబర్మన్ పడవలోంచి రాసినదానికీ, ఘోష్ పడవను చూసి రాసినదానికీ ఉన్న తేడా ఇదే. ఇది ఘోష్ నిజాయితీలో లోపం కాదు. నవల తన పరిమితిని తానే కథగా చేసుకున్నది.

ఇదే నవలలో మరొక సాక్ష్యం ఉంది. విభజన శరణార్థులు దండకారణ్యం నుంచి వచ్చి మరీచ్‌ఝాపి ద్వీపంలో స్థిరపడగా, అటవీసంరక్షణ పేరిట 1979లో వారిని బలవంతంగా తరిమివేశారు. ఆ ఉదంతం కనాయ్ తల్లి సోదరి భర్త నిర్మల్ రాసిన నోటుపుస్తకం ద్వారా మనకు తెలుస్తుంది. ప్రకృతిని ధ్వంసం చేసినప్పుడు దెబ్బతినేవాడు, ప్రకృతిని రక్షించే పేరిట కూడా దెబ్బతినేవాడు ఒకడే అయితే ఆ రక్షణలో ఏదో దోషం ఉందని ఈ నవల హెచ్చరిస్తుంది. కొల్లేటి గట్లు కూలినప్పుడు పెట్టుబడి పెట్టినవాడు పట్టణంలో ఉన్నాడు, కూలి పోగొట్టుకున్నవాడు లంకలో ఉన్నాడు. గట్లు కూల్చడం అవసరమే. ఆ తర్వాత లంకలోని మనిషికి ఏ బ్రతుకు చూపామన్నది ఆ అవసరంతో సమానమైన ప్రశ్న.

సుందరవనాల్లో 2009 మే నెలలో ఐలా, 2020 మే నెలలో అంఫాన్ తుపానులు గట్లను తెంచి పొలాలను ఉప్పునీటితో నింపాయి. ఘోడామారా ద్వీపం సగానికి పైగా కోతకు గురైంది. ఆ ప్రాంతపు నిర్వాసితులు అనేకులు సాగర్ ద్వీపానికి చేరారు. ఇక్కడ కూడా కారణం ఒక్కటి కాదు. సముద్రం పైకి వస్తున్నది, డెల్టా నేల తనంతట కుంగుతున్నది, ప్రవాహాలు ఒడ్డును కోస్తున్నాయి. ఇన్ని కారణాలను విడదీసి పాళ్లు చెప్పడం శాస్త్రజ్ఞుని బాధ్యత. అన్నింటి బరువూ ఒకే గుడిసె మీద పడడాన్ని చూపడం రచయిత బాధ్యత.

విమర్శకు మిగిలిన పని

ఈ నాలుగు నవలలను వరుసగా నిలబెడితే ఒక క్రమం గోచరిస్తుంది. 'చెమ్మీన్'లో నీటి నేరారోపణ ఇంటి ఆడమనిషి మీద. 'తితాస్'లో ముద్దాయి లేడు, వారసులే ఉన్నారు. 'కొల్లేటి జాడలు' వెదికిన సరస్సు విషయంలో ముద్దాయి మన ఇరుగుపొరుగు. 'ది హంగ్రీ టైడ్' ప్రపంచంలో ముద్దాయి చూపుమేరలో లేడు. బాధితుడు మాత్రం నాలుగింటిలోనూ నీటికి అతిసమీపంగా బ్రతికే పేదవాడు. నీటి సాక్ష్యాన్ని సరిగా చదవడం అంటే సమీపంలోని బాధితుని నుంచి దూరంలోని బాధ్యుని వరకు దారి గీయగలగడం. ఆ దారిలో ఎక్కడ ఆగిపోయినా అన్యాయమే జరుగుతుంది. అతి దగ్గర ఆగితే కరుత్తమ్మ దోషి అవుతుంది. అతి దూరం పోయి ప్రపంచ వాతావరణాన్ని మాత్రమే నిందిస్తే కొల్లేరు ఆక్రమణదారుడు నిర్దోషి అవుతాడు. ఈ రెండో ప్రమాదం ఇటీవల పెరిగింది. వాగు పూడ్చి కట్టిన ఇల్లు మునిగినా, కాలువ తవ్వని అధికారి ఉన్నా, నెపం వాతావరణ మార్పు మీదికి నెట్టడం సులభమైంది.

మన విమర్శ నదిని జీవనప్రవాహానికి, సముద్రాన్ని అంతరంగానికి, సరస్సును ప్రశాంతతకు ప్రతీకలుగా వ్యాఖ్యానించడంలో నేర్పరి. ఆ నేర్పును వదులుకోనక్కరలేదు. దానితోపాటు మరికొన్ని ప్రశ్నలు కూడా అడగాలి. ఈ కథలో నీరు ఎంత లోతు ఉన్నది? ఏ నెలలో ఏ చేప పడింది? గట్టు ఎవరు కట్టారు, కూలి ఎవరిది? ప్రాచీన తమిళులు తిణై విభజనలో నేలను, నీటిని, వృత్తిని, హృదయభావాన్ని ఒకే ముడిగా కట్టారు. నెయ్‌దల్ తీరపు విరహం ఉప్పునేలను, వలలను విడిచి ఉండదు. ప్రతీక వాస్తవానికి శత్రువు కాదని నిరూపించిన సంప్రదాయం అది. దానిని కొత్త అర్థంలో స్వీకరించే అవకాశం మనకు ఉంది.

తెలుగు నేల మీద ఇటువంటి రచనకు వస్తువు కొరత లేదు. కాకినాడ సమీపాన ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏళ్ల తరబడి కోస్తున్నది. అక్కడ ఇళ్లు, రోడ్డు, గుడి సముద్రంపాలైన సంగతి ఆ తీరవాసులు వేలు చూపి చెబుతారు. గోదావరి మీది జలాశయాలు ఒండ్రును ఆపివేయడం వల్ల డెల్టా తీరానికి మట్టి చేరడం తగ్గింది. అందుచేత ఉప్పాడ కథ సముద్రం దగ్గర మొదలు కాదు, ఎగువన, మనం గర్వంగా చూసే జలాశయాల దగ్గర మొదలవుతుంది. దాన్ని పడవలోంచి రాయగల మనిషి ఆ తీరపు పల్లెల్లోనే ఏదో బడిలో చదువుకుంటూ ఉండవచ్చు. గోకర్ణఘాట్ మాలోలు చందాలు వేసుకుని ఒక పిల్లవాణ్ణి చదివించినందువల్ల తితాస్‌కు ఒక నవల మిగిలింది, నది మిగలకపోయినా. మన తీరాల్లో ఆ పిల్లవాడు బడి మానేసి వలసపోకుండా చూడడం సాహిత్యానికి సంబంధించిన విషయం కాదని ఎవరైనా అంటే, వారు నీటి వాఙ్మూలంలో సగమే విన్నారనుకోవాలి.